ఇంటి వెచ్చములు: చిల్లర బేరము, ఉమ్మడి బేరము

దీపాలు పెట్టు వేళకు పల్లెలోని వెచ్చాల కొట్టు ముందర కొంచెము సేపు నిలిచి చూచినచో, ఇంటి ఖర్చు ఎచ్చట కారిపోవుచున్నదో ఎవ్వరికైనను తెలియగలదు. ఒక పిల్లవాడు చిన్న నూనె పొట్లమునకై వచ్చును. వాని వెనుక ఒక బాలిక చారెడు కందిపప్పు, గుప్పెడు ఎండు మిరపకాయలు అడుగును. పలువురి చేతిలో డబ్బుండదు. "అమ్మ ఖాతాలో వ్రాయమన్నది" అని చెప్పి సరుకు పట్టుకొని పోవుదురు. ఆ రాత్రికి పొయ్యి వెలుగును. మరునాటి సాయంకాలము మరల ఆ పిల్లలే వత్తురు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలోని కూలి కుటుంబములకు రాబడి దినమునకో వారమునకో కొద్దికొద్దిగా వచ్చును. కావున కొనుగోలు కూడ కొద్దికొద్దిగానే సాగును. ఇందు వారి తప్పేమియు లేదు. కాని దీని ఫలితము మాత్రము న్యాయమైనది కాదు. అదే పప్పును, అదే పంచదారను, చేతిలో డబ్బున్నవాడు తక్కువ ధరకును, లేనివాడు ఎక్కువ ధరకును కొనుచున్నాడు.

ఖర్చు తగ్గించుడని చెప్పుట సులభము. తక్కువ తినుడని మాత్రము మేము చెప్పము. ఆ సలహాను పాటించినచో తగ్గునది ఎవరి కంచములోని కూడో మనకు తెలియును. అందరును తిన్న తరువాత కూర్చుండు ఇల్లాలిదే. చూలాలికి, బాలింతకు, పిల్లలకు పప్పు, పాలు, ఆకుకూర తగ్గించి మిగిల్చిన రూపాయి పొదుపు కాదు. కనుక ఇచ్చట మేము చెప్పబోవునది అదే తిండిని తక్కువ వెలకు తెచ్చుకొను విధమును గూర్చియే.

మొదట ఒక లెక్క వేసి చూతము. ఇవి తెలియుటకై మేము వేసికొన్న అంకెలేగాని ఏ బజారు ధరలును కావు. ఒక కుటుంబమునకు నెలకు నాలుగు కిలోల కందిపప్పు కావలెననుకొందము. టోకు దుకాణమున కిలో 120 రూపాయలు. పల్లెలో నూరు గ్రాముల వంతున కొన్నచో పొట్లము 15 రూపాయలు, అనగా కిలో 150 రూపాయలు. కిలోకు 30 రూపాయల తేడా. నెలకు 120, సంవత్సరమునకు 1,440 రూపాయలు. ఇది ఒక్క పప్పు మీది లెక్క. నూనె, చింతపండు, మిరపకాయలు, టీపొడి, సబ్బు ఇట్లే లెక్కించినచో ఆ మొత్తము ఎంత పెరుగునో పాఠకులే ఊహింపగలరు.

ఇంక ఖాతా మాట. "కొట్టువాడు అరువిచ్చును గాని వడ్డీ అడుగడు గదా" అని పలువురందురు. వడ్డీ కలదు, అది ధరలో దాగియున్నది. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. ఖాతాలో బాకీ యున్నవారు ఇంకొక కొట్టుకు పోజాలరు. పప్పులో పుచ్చులున్నను, బియ్యములో నూకలున్నను అడుగుటకు నోరాడదు. ఇట్లు వ్రాసినంత మాత్రమున కొట్టు యజమానిని దోషిగా నిలుపుట మా అభిప్రాయము కాదు. అతడును పట్టణములో అప్పు మీదనే సరుకు తెచ్చును. ఎగవేసినవారి బాకీని కూడ ఇచ్చినవారి ధరలో కలుపుకొనక తప్పదు. అర్ధరాత్రి ఇంటికి చుట్టములు వచ్చినచో తలుపు తీసి సరుకిచ్చునదియు అతడే. కాని అక్కరకు పనికివచ్చు కొట్టును నెలంతటికి ఆధారము చేసికొనుటవలననే చిక్కు వచ్చుచున్నది.

ఈ చిక్కును విప్పుటకు మన జిల్లాలలోనే ఒక ప్రయత్నము జరిగినది. 2000 సంవత్సరమున ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో ప్రపంచ బ్యాంకు ఋణసహాయముతో ఆరు జిల్లాలలో పేదరిక నిర్మూలన పథకమొకటి మొదలైనది. దానినే జనులు 'వెలుగు' అని పిలిచిరి. ఆ ఆరు జిల్లాలలో శ్రీకాకుళం, విజయనగరం రెండును కలవు. ఈ పథకము క్రింద మహిళల పొదుపు సంఘములు ఊరూర గ్రామైక్య సంఘములుగా కూడి చేపట్టిన పనులలో ఉమ్మడి బియ్యపు కొనుగోలు ఒకటి. చౌకడిపో బియ్యము పేద కుటుంబమునకు నెల పొడుగున చాలదు. తక్కిన దినములకు కావలసిన బియ్యమును చిల్లరగా, తరచుగా అరువుకు కొనవలసి వచ్చును. ఆ తక్కువైన దినముల బియ్యమును సంఘమే టోకున కొని సభ్యులకు అప్పుగా నిచ్చినచో ఎట్లుండునను ఆలోచననుండి ఈ పని పుట్టినది. కొన్నిచోట్ల తరువాత పప్పు, నూనెల వంటివి కూడ చేరినవి.

పని జరుగు పద్ధతి ఇట్టిది. సంఘపు సమావేశములో ప్రతి సభ్యురాలును తన ఇంటికి వచ్చు నెలకు ఎన్ని కిలోలు తక్కువ పడునో చెప్పును. ఆ అంకెలను పుస్తకములో వ్రాయుదురు. ఊరిలోని సంఘములన్నిటి అంకెలను గ్రామైక్య సంఘము ఒక్కచోట కూడును. కొనుగోలుకై ఏర్పడిన కొందరు స్త్రీలు మిల్లునకో టోకు వర్తకుని వద్దకో పోయి, మచ్చులు చూచి, ధర కుదుర్చుకొందురు. సరుకు ఊరికి వచ్చిన తరువాత తూచి, ఎవరి పేర వ్రాసినది వారికి పంచుదురు. సభ్యురాలు ఆ సొమ్మును కూలి దొరకు తీరునుబట్టి వారవారము గాని నెలకు గాని వాయిదాలుగా చెల్లించును. చెల్లిన సొమ్ము మరుసటి కొనుగోలునకు పెట్టుబడి యగును. చూడగా ఇదియు అరువే. కాని ఈ అరువు టోకు ధర మీద లెక్కింపబడును. ఖాతా పుస్తకము సభ్యుల చేతిలోనే యుండును.

ఆ పథకముల పేర్లు, ఏర్పాట్లు తరువాత మారినవి. సంఘములు మాత్రము నిలిచియున్నవి. జనులు డ్వాక్రా సంఘములనునవి నేడు మన జిల్లాలలో లేని పల్లె అరుదు. కావున ఏ క్రొత్త ఉత్తరువు కొరకును ఎదురుచూడక, పది ఇండ్లవారు కలిసినను ఈ పని మొదలుపెట్టవచ్చును.

పైన వేసిన లెక్కనే పది ఇండ్లకు వర్తింపజేసి చూతము. ఇంటికి నాలుగు కిలోల వంతున నలుబది కిలోల పప్పు కావలెను. సరుకు తెచ్చుటకు ఆటోకు 200 రూపాయలైనదనుకొన్నను కిలోకు 5 రూపాయలే పడును. తక్కిన 25 రూపాయలు ఇంటికి మిగులును. అట్లు కాక ఒక్కరే నాలుగు కిలోల పప్పు కొరకు పట్టణమునకు పోయినచో రానుపోను బస్సు ఛార్జీలు, పోగొట్టుకొన్న దినపు కూలి కలిపి లాభమంతయు హరించిపోవును. పట్టణమున చౌక యని విని పరుగెత్తువారు ఈ సంగతి తరచుగా మరచిపోవుచుందురు. టోకు ధరయనునది మూటకు గాని మనిషికి కాదు.

ఇట్టి ఉమ్మడి పనులు ఎచ్చట చెడునో కూడ చెప్పవలెను. సామాన్యముగా లెక్క చెప్పని చోట చెడును. కొని తెచ్చినవారు రసీదును అందరి ఎదుట చదివి పుస్తకములో అంటింపవలెను. ప్రతిమాసము ఒకరే పోక మార్చి మార్చి పోవలెను. సరుకుల విషయమున రుచిభేదము లేని వాటితో మొదలుపెట్టుట మేలు. పప్పు, పంచదార, ఉప్పు, సబ్బులకు తగవు రాదు. బియ్యమునకు వచ్చును. ఒకరు సన్నబియ్యమందురు, ఒకరు ముడిబియ్యమందురు. కొనుటకు ముందు పిడికెడు మచ్చు తెచ్చి ఎవరి ఇంటనైన వండి, నలుగురును రుచి చూచినచో సగము తగవు అచ్చటనే తీరును.

పేదలు కలిసి వెచ్చములు కొనుట మన దేశమున కనిపెట్టినది కాదు. ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణమున 28 మంది పనివారు, వారిలో పలువురు నేతగాండ్రు, తలకొక పౌను వంతున వారవారము కొద్దికొద్దిగా కూడబెట్టి 1844 డిసెంబరు 21వ తేదీన ఒక చిన్న దుకాణము తెరచిరి. అందుండిన సరుకులు వెన్న, పంచదార, పిండి, ఓటుపిండి, కొవ్వొత్తులు మాత్రమే. కల్తీ లేని సరుకు, సరియైన తూకము, రొక్కపు బేరము వారి నియమములు. మిగిలిన లాభమును ఎవరెంత కొనిరో దానినిబట్టి పంచుకొనిరి. ఆ పద్ధతి లోకమంతటను వ్యాపించినది. మన జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగములై యుండిన కాలమున, 1904లో, మద్రాసులోని ట్రిప్లికేనులో ఇట్టి సహకార భండారమొకటి వెలసినది.

ఉమ్మడి బేరము ధరను తగ్గించును. కాలమెరిగి కొన్నచో అది ఇంకను తగ్గును. చింతపండు మాఘ ఫాల్గుణముల నుండి వేసవి వరకు కొండప్రాంతముల నుండి దిగును. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట మొదలగు చోట్ల గిరిజనులు దానిని సంతలకు తెత్తురు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కూడ వారివద్ద కొనును. సంతలో కొనునపుడు గిరిజనునికి న్యాయమైన వెల ఇచ్చుట మరువరాదు. అతడును మనవలె కుటుంబము గలవాడే. బెల్లము సంక్రాంతి మొదలు వేసవి వరకు అనకాపల్లి బజారునకు విరివిగా వచ్చును. వరి కోసిన మాగాణులలో పండిన మినుములు, పెసలు వేసవి మొదట ఇంటికి చేరును. సరుకు దండిగా వచ్చు కాలమున ఏడాదికి కావలసినది కొని దాచుకొనుట మన పెద్దలు ఎరిగిన విద్యయే.

అయితే దాచుట తెలియనిచో కొనుట వ్యర్థము. ఒక యేడు మేము చౌకగా దొరకినవని కందులు మూటగా కొని, ఎండబెట్టుటకు సోమరితనపడి డబ్బాలో పోసి మూత పెట్టితిమి. మూడు మాసముల తరువాత మూత తీసి చూడగా గింజకొక రంధ్రము. డబ్బాలోనికి పురుగు ఎట్లు వచ్చెనని ఆశ్చర్యపడితిమి. అది బయటినుండి రాలేదు. పప్పుధాన్యపు పుచ్చుపురుగు చేనిలో కాయల మీదనే గ్రుడ్లు పెట్టగలదు. ఆ గింజలతోపాటే అది ఇంటికి వచ్చి, లోపల పెరిగి, రంధ్రము చేసికొని వెలుపలికి వచ్చి మరల తక్కిన గింజలపై గ్రుడ్లు పెట్టును. కావున గింజలను తెచ్చినవెంటనే పంటక్రింద పెట్టిన పటుక్కుమనునట్లు ఎండబెట్టవలెను. చల్లారిన తరువాతనే డబ్బాలో పోయవలెను. వేడిగా పోసినచో లోపల చెమ్మ పట్టును. గింజలకు కొంచెము ఆముదము పట్టించినచో గ్రుడ్లు నిలువవు. పూర్తి గింజకంటె విరిచిన పప్పునకు ఈ పురుగు బెడద తక్కువ. మన ఇండ్లలో కందులు విసరి, పప్పు చేసి దాచుకొను అలవాటునకు ఈ లాభము కూడ కలదు. చింతపండును గింజ, ఈనె తీసి, ఉప్పు చల్లి, జాడీలో అదిమి పెట్టవలెను. బెల్లమునకు చెమ్మయే శత్రువు. వానకాలమునకు ముందే గాలి చొరని పాత్రలోనికి మార్చవలెను.

చౌకడిపో బియ్యమును గూర్చి ఒక మాట. జాతీయ ఆహార భద్రతా చట్టము 2013లో వచ్చినది. ఆ చట్టము క్రింది కార్డుదారులకు 2023 జనవరి నుండి మనిషికి నెలకు 5 కిలోల వంతున ఉచితముగా ఇచ్చుచున్నారు. ఈ బియ్యమును కొందరు ఊరిలో తిరుగు దళారులకు కొద్ది వెలకు అమ్మి, ఆ సొమ్మునకు పెద్ద మొత్తము కలిపి సన్నబియ్యము కొనుచున్నారు. అట్లు అమ్ముట చట్టవిరుద్ధము. లాభసాటి బేరమును కాదు. అన్నమునకు బాగుండదనిన, ఆ బియ్యమును ఇడ్లీ, దోసె, అట్టు పిండికి వాడవచ్చును.

మన ప్రాంతపు చోళ్లను కూడ మరువరాదు. చోడి అంబలి ఒకనాడు లేనివారి తిండి యని చులకనయైనది. నేడు పట్టణములలో దానినే రాగి జావ యని వెలపెట్టి త్రాగుచున్నారు. నూరు గ్రాముల చోళ్లలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. బియ్యములో ఉన్నది దానిలో అల్పభాగము. ఎముకలు పెరుగు పిల్లలకును చూలాండ్రకును ఇంత చౌకగా దీనిని సమకూర్చు ధాన్యము మరియొకటి లేదు.

తుదకు కొట్టులో కొనక తప్పని పొట్లముల సంగతి. పెద్ద పొట్లము ఎల్లప్పుడు చౌక కాదు. పొట్లము మీద గరిష్ఠ ధరతోపాటు గ్రాముకో కిలోకో ఎంత పడునో కూడ ముద్రింపవలెనను నియమము కలదు. చదువుకొను పిల్లల చేత దానిని చదివించి రెండు పొట్లములను పోల్చి చూడవలెను. ముద్రించిన ధరకు మించి అడుగరాదు. సంతలో తూచు రాళ్లపైన తూనికల శాఖవారి ముద్ర యుండవలెను. తక్కెడను ఎత్తక ముందు రెండు పళ్లెములును సమముగా నిలుచునో లేదో చూచుకొనవలెను. తూకములో గాని ధరలో గాని మోసము జరిగినచో 1915 అను నంబరునకు టెలిఫోను చేసి వినియోగదారుల సహాయ కేంద్రమునకు ఫిర్యాదు చేయవచ్చును. రసీదు ఉన్నచో పని సులువగును గనుక చిన్న కొనుగోలుకైనను రసీదు అడిగి తీసికొని, సంఘపు పుస్తకములోనే దాచవలెను.