గోదా మట్టి, రాజుల పాలు

మల్లవిద్య యే దేశమున మొదట పుట్టినదని యడుగుట, నిప్పును మొదట రాజవేసిన వా డెవడని యడుగుటవంటిది. ఐగుప్తుదేశమున బెని హసన్ అను చోట నాలుగువేల యేండ్లనాటి సమాధిగుహల గోడలపై వందలకొలది మల్లుల జంటలు చిత్రింపబడియున్నవి. ఆ పట్టులను మన వస్తాదు చూచెనేని చాలవరకు గుర్తుపట్టగలడు. గ్రీకులు ఒలింపియా యుత్సవములయందు క్రీ. పూ. 708లో కుస్తీని, 688లో ముష్టియుద్ధమును, 648లో ఈ రెంటిని కలిపిన పాంక్రేషన్ అను ఘోరక్రీడను చేర్చిరి. కొరుకుటయు, కన్ను పొడుచుటయు తప్ప దానియందు తక్కినదెల్ల చెల్లుచుండెను. భీమజరాసంధుల ద్వంద్వమును పురాణకాలక్షేపములయందు వినిన మన పాఠకుల కిది వింతగా తోపదు.

అయితే విద్య పుట్టుట వేరు, నిలుచుట వేరు. మల్లునకు ప్రతిదినమును పాలు, నేయి, బాదముపప్పు కావలెను. దండీలు, బస్కీలు తీయువాడు నాగలి పట్టజాలడు. కనుక వానిని పోషించువాడొకడు తప్పక యుండవలెను. కల్యాణి చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మల్లుల తరగతులను, వారి యాహారమును, సాధనను రాజకార్యములతోపాటు వివరించెను. విజయనగరమును దర్శించిన పోర్చుగీసువాడు పేయస్, కృష్ణదేవరాయలు తెల్లవారకమునుపే నువ్వులనూనె త్రాగి, యొడలికి పట్టించుకొని, బరువులెత్తి, కత్తి త్రిప్పి, పిమ్మట తన మల్లులలో నొకనితో పెనుగులాడుచుండెనని వ్రాసినాడు. విజయనగరమున కుస్తీ పట్టు స్త్రీలును ఉండిరి. ఆడువారికి గోదా క్రొత్తదని నేడు ముక్కుపై వ్రేలిడుకొనువారు దీనిని గమనింతురుగాక.

ఇక గామా సంగతి. 1878లో అమృతసరమున పుట్టి, పదియేండ్ల ప్రాయమున జోధపురమున జరిగిన వ్యాయామపు పోటీలో పెద్ద మల్లులనడుమ నిలిచి, దతియా సంస్థానపు టాశ్రయమున పెరిగినవా డీతడు. 1910లో లండను పోయినపుడు, పొట్టివాడని యచ్చటి నిర్వాహకులు పోటీలో చేర్చుకొనరైరి. అంతట గామా, తన యెదుట అయిదు నిమిషములు నిలిచినవానికి బహుమాన మిత్తునని సవాలు చేసెను. వచ్చినవారిని వచ్చినట్లు పడవైచెను. అమెరికా మల్లుడు రోలరును గెలిచెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన పోలండు మల్లుడు జిబిస్కోతో తలపడగా, ఆ మహాకాయుడు రెండున్నర గంటలకు పైగా నేలను కరచుకొని పడియుండెనేగాని లేచి పోరలేదు. మరల 17వ తేదీన రావలసియుండగా రాలేదు. గామాదే గెలుపని ప్రకటించిరి. ఏలువాని రాజధానిలో ఏలబడువాడొకడు ప్రపంచమును సవాలు చేసి నిలిచినాడన్న వార్త మన దేశమున నెట్టి సంతోషమును కలిగించెనో వేరుగ చెప్పనక్కరలేదు. 1928లో పటియాలాలో అదే జిబిస్కోను, దాదాపు ఏబదియేండ్ల గామా, నిమిషమైనను నిండకమునుపే వెల్లకిల పడవైచెను.

గామా త్రాగిన పాలకు లెక్క చెప్పువారు మాకు పెక్కుమంది తారసపడినారు. ఆ పాలకు పైకమిచ్చినవా రెవరో చెప్పువారు మాత్రము తక్కువ. దతియా యిచ్చినది, పటియాలా యిచ్చినది. 1947 పిమ్మట సంస్థానములు పోయినవి. అవి పోవుట దేశమునకు మేలే, అందుకు మేము విచారింపము. కాని మల్లుని పాలచెంబు ఎవరి చేతికి వచ్చినదో యడిగినవాడు లేడు. గామా లాహోరున రోగముతో, డబ్బు చాలక తీసికొని, 1960లో కన్నుమూసెను.

ఆంధ్రదేశమున నీ చిక్కు నెరిగి వేరుదారి త్రొక్కినవాడు వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు. ఆతడు సర్కసు డేరా యెత్తి, ఎదపై నేనుగును నిలుపుకొని, గొలుసులు త్రెంచి, టిక్కెట్టు కొన్న ప్రజచేతనే కలియుగభీముడనిపించుకొనెను. ఆతడు 1942లో గతించెను. డేరాలో బలప్రదర్శన సాగును గాని, పట్టు నేర్చుకొను శిష్యులకు అన్నము డేరా పెట్టదు.

దీనికి తార్కాణము ఖాశాబా జాదవ్. సతారా ప్రాంతపు గోళేశ్వరమున రైతుబిడ్డ. 1948లో లండను ఒలింపిక్సునకు కొల్హాపురపు మహారాజు డబ్బిచ్చి పంపెను. మట్టిగోదాలో పెరిగినవానికి చాప క్రొత్త. అయినను ఆరవస్థానము దక్కెను. 1952లో హెల్సింకీకి పోవలసివచ్చునప్పటికి కొల్హాపురము బొంబాయి రాష్ట్రమున కలిసిపోయినది. ఊరివారు చందాలెత్తిరి. అదియు చాలకపోగా, ఆతడు చదివిన రాజారాం కళాశాల ప్రిన్సిపాలు ఖర్డేకర్ తన యిల్లు ఏడువేల రూపాయలకు తాకట్టుపెట్టెను. జాదవ్ కాంస్యపతకముతో తిరిగివచ్చెను. స్వతంత్రభారతమున ఒక్కడుగా పోటీచేసి ఒలింపిక్సు పతకము తెచ్చిన మొదటివా డాతడే. కుస్తీలో రెండవ పతకము 2008లో, ఏబదియారేండ్లకు, వచ్చినది.

జాదవ్ 1984లో గతించిన చాలకాలమునకు గాని అర్జున పురస్కారము రాలేదు. ప్రిన్సిపాలుగారి తాకట్టు మాత్రము అంతకాలము ఆగలేదు. జాదవ్ హెల్సింకీనుండి వచ్చినపిమ్మట మరల మట్టిగోదాలో దిగి, కుస్తీలు పట్టి గెలిచిన సొమ్ముతో ఆ ఋణమును తీర్చివేసెను.