తాళం కప్ప తిన్న ఉప్పు

మా గేటు తాళం కప్ప మొన్న సోమవారం కన్నుమూసింది. కొని పదకొండు నెలలు. తాళం చెవి లోపలికైతే వెళ్ళింది గానీ తిరగనని మొరాయించింది. కొబ్బరినూనె పోశాను, కుట్టుమిషను నూనె పోశాను. “ఏటి తాతగారూ, అటు జరగండి” అంటూ మా పనమ్మాయి ఇటుకరాయితో ఒక్కటే దెబ్బ వేసింది. ఊడి చేతిలో పడింది.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మా మనవరాలు అడిగింది: “తాతా, మనది ఉక్కు ఊరు కదా! మరి ఇక్కడే ఇనుముకి ఇంత తుప్పేంటి?”

పొద్దున్నే గేటు ఊచ మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకోమన్నాను. వాళ్ళమ్మ చూడలేదు కాబట్టి సరిపోయింది. “ఉప్పగా ఉంది!” అంది.

ఉండదూ మరి? మాది విశాఖపట్నంలో సముద్రం పక్కనున్న పెదవాల్తేరు. కెరటం విరిగినప్పుడల్లా నురగలో బుడగలు చిట్లి సన్నటి తుంపర లేస్తుంది. గాలి ఆ ఉప్పుని మోసుకొచ్చి కనబడిన ఇనుము మీదల్లా కూర్చోబెడుతుంది. కూర్చున్న ఉప్పు ఊరుకుంటుందా? గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పే ఆ చెమ్మ పీల్చుకుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకి అంత కూడా అక్కర్లేదు, 33 శాతం చాలు. వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం వెనక ఉన్న పెద్దమనిషి అదే. అంటే చుక్క వాన పడకపోయినా తాళం కప్పకి రోజూ ఉప్పునీటి స్నానమే.

ఆ తడిపొర ఒక బుల్లి బ్యాటరీ. ఇనుము ఒకచోట ఎలక్ట్రాన్లు వదులుతుంది, పక్కనే గాలిలోని ఆక్సిజన్ నీళ్ళతో కలిసి వాటిని అందుకుంటుంది. మంచినీళ్ళలో ఈ వ్యాపారం నత్తనడక, ఉప్పునీళ్ళలో పరుగు. పుట్టిన తుప్పు, తాను తిన్న ఇనుము కన్నా రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. తాళం చెవి తిరగనిది అందుకే. మా సన్‌షేడు పెచ్చులు ఊడిపడుతున్నదీ అందుకే, లోపలి కడ్డీ ఉబ్బి సిమెంటుని బయటికి తోసేస్తోంది.

అసలు తమాషా ఇంకోటుంది. తుప్పంటే ఇనుమూ ఆక్సిజనూ, కాస్త నీరూ. బైలదిల్లా కొండల నుంచి కొత్తవలస–కిరండూల్ లైను మీద గూడ్సుబళ్ళలో దిగొచ్చే ఎర్రరాయి కూడా ఇనుమూ ఆక్సిజనే. స్టీలు ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నెసులున్నాయి. అన్నం వండే పొయ్యికి కూడా ఇంత చక్కటి పేర్లు మనం పెట్టుకోలేదు! కోకు మండి పుట్టే కార్బన్ మోనాక్సైడు ఆ రాయిలోంచి ఆక్సిజన్ లాక్కుపోతుంది, దాదాపు 1500 డిగ్రీల వేడిలో ఇనుము పాకంలా కారుతుంది. 1971లో ఇందిరాగాంధీ పునాదిరాయి వేస్తే, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ప్లాంటు అది. అంత కష్టపడి గాజువాక అవతల ఆక్సిజన్ ఊడదీస్తుంటే, ఇక్కడ సముద్రం తీరిగ్గా కూర్చుని మళ్ళీ అంటిస్తోంది. (మా తాళం ఏ ఊరి ఉక్కో నాకు తెలియదు లెండి.)

“మరి ఢిల్లీ ఇనుపస్తంభం?” అంది పిల్ల. పదహారు వందల ఏళ్ళుగా నిలబడింది నిజమే. దాని ఇనుములోని ఫాస్ఫరస్ పైన కవచంలాంటి పొర కట్టింది, ఊరి పొడిగాలీ కలిసొచ్చింది. దాన్ని ఓ పదేళ్ళు మా బీచిరోడ్డులో నిలబెట్టి చూడాలని నాకో దుర్బుద్ధి. అక్కడున్న కురుసుర జలాంతర్గామిని 2002లో మ్యూజియం చేశారు. నీళ్ళలోంచి ఒడ్డెక్కినా దానికి ఉప్పుగాలి తప్పలేదు.

సాయంత్రం మూడు గ్లాసులు పెట్టాం. ఒకదాంట్లో మంచినీళ్ళూ మేకూ. రెండోదాంట్లో ఉప్పునీళ్ళూ మేకూ. మూడోదీ ఉప్పునీళ్ళే గానీ, మేకుకి పాతకాలపు టార్చి సెల్లు పైనుండే జింకు రేకు ముక్క చుట్టాను. తెల్లారేసరికి రెండో గ్లాసులో నారింజరంగు మడ్డి. నాలుగు రోజులైనా మూడో మేకు మాత్రం కొత్తపెళ్ళికొడుకే, జింకు చుట్టూ తెల్లటి తెట్టు. ఎలక్ట్రాన్లు ఇవ్వడంలో ఇనుము కన్నా జింకుది ముందడుగు. ముందు తాను అరుగుతుంది. ఓడల అడుగున జింకు దిమ్మలో అల్యూమినియం దిమ్మలో బిగించేది ఈ బలిపశువు పని మీదే.

ఇంత చెప్పాక ఇనుప తాళం కొనే ముఖం లేక, పూర్ణా మార్కెట్టుకెళ్ళి ఇత్తడి తాళం కప్ప తెచ్చాను. ధర చూసి మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజున మనవరాలు పరుగెత్తుకొచ్చింది. కప్ప ఇత్తడే గానీ, పైన వంకీ ఉక్కుదట. దాని మెరుగుపూత మీద చిన్న గీత, గీతలో ఆవగింజంత ఎర్రచుక్క.

“తాతా, ఇత్తడి పక్కనుంటే బలిపశువెవరు?”

ఇనుమే. ఆ మాట మా ఆవిడకి వినబడకుండా చెప్పాను.