ఆ మాత్ర ఎందుకు మానకూడదు?

మన మెడ ముందు భాగంలో, సీతాకోకచిలుక ఆకారంలో అవటు గ్రంథి ఉంది. ఇది స్రవించే థైరాక్సిన్ తగ్గితే మనిషి మందగిస్తాడు. ఒళ్లు ఉబ్బుతుంది, చలికి తట్టుకోలేడు. 1891లో ఇంగ్లండులో జార్జి మర్రే అనే వైద్యుడు ఇలాంటి 46 ఏళ్ల రోగికి గొర్రె అవటు గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించాడు. తేరుకున్న ఆమె దాన్ని మానకుండా వాడుతూ 1919 దాకా బతికింది!

ఇప్పుడు గొర్రెలతో పనిలేదు, థైరాక్సిన్ మాత్రలున్నాయి. పరగడుపున నీళ్లతో వేసుకోవాలి. వెంటనే కాఫీ తాగితే మందు సరిగా ఒంటబట్టదు.

"నాకు బాగానే ఉందిగా" అని మీ ఇంట్లో ఎవరైనా డాక్టరును అడగకుండా మానేశారా? రక్తంలో థైరాక్సిన్ సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది. ఆ బాగుండటం పాత మాత్రల చలవే! మోతాదు మార్చాక రక్తపరీక్షకు 6 వారాలు ఆగమనేదీ ఇందుకే.