నానబెట్టిన కామ ఎందుకు వదులవుతుంది?

ఎమ్మిగనూరు దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకుడు అడిగారు: "ఎండాకాలం ఉపాధి పనికి పోతే పార కామ వదులై ఊడొస్తోంది. రాత్రి నీళ్ల తొట్టిలో వేస్తే తెల్లారేసరికి బిగుస్తుంది. రెండు రోజుల్లో ముందుకన్నా వదులవుతుంది. ఎందుకు?" నానేసిన ప్రతిసారీ ముందుకన్నా ఎక్కువ వదులవుతోందని గమనించారు చూడండి, అసలు రహస్యమంతా అక్కడే ఉంది.

కర్ర అంటే సన్నటి గొట్టాల కట్ట. పచ్చి కర్రలో నీరు రెండు చోట్ల ఉంటుంది: గొట్టాల లోపలా, వాటి గోడల్లోనూ. లోపలి నీరు పోయినంతసేపూ కర్ర కొలత మారదు. గోడల్లోని నీరు పోవడం మొదలయ్యాకే కుంచించుకుంటుంది. చాలా రకాల కర్రల్లో ఆ హద్దు 28 నుంచి 30 శాతం తేమ దగ్గర ఉంటుంది. 1906లో హారీ టీమన్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్ని తేల్చారు. తుమ్మ కొమ్మ నరికి, నాలుగు రోజులు ఎండలో పెట్టి, కొలత మారలేదు కాబట్టి ఆరిపోయిందనుకుని పారకు తొడిగేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. వాళ్ల కర్ర కుంచించుకోవడం ఇంకా మొదలే కాలేదు!

మొదలయ్యాక కూడా అన్ని వైపులా ఒకేలా తగ్గదు. పొడవులో మార్పు లెక్కలోకే రాదు. అడ్డంగా, వలయాల వెంబడి ఎక్కువ. నడిమి నుంచి బెరడు వైపు దాదాపు అందులో సగం. గుండ్రంగా చెక్కిన కామ ఎండాక కోలగా మారేది అందుకే. ఇక కర్ర ఎంత ఆరుతుందనేది గాలిలోని తేమను బట్టి ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే కర్రలో సుమారు 16 శాతం నిలుస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు ఎండలు 40 డిగ్రీలు దాటి గాలి తేమ 20 శాతానికి పడితే, కర్రలో మిగిలేది నాలుగైదు శాతమే. తేమగా ఉన్నప్పుడు తొడిగిన కామైతే, పార బెజ్జం 40 మిల్లీమీటర్లుంటే కర్రకూ ఇనుముకూ మధ్య ఒక మిల్లీమీటరుకు పైగా సందు వస్తుంది. పార ఊడడానికి అది చాలు.

ఇప్పుడు నీళ్ల తొట్టి దగ్గరకు వద్దాం. రేగడి నేలలాగే కర్ర కూడా నానితే ఉబ్బుతుంది, ఎండితే తగ్గుతుంది, లెక్క సరిపోతుంది అని చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు. బయట ఉన్న కర్రకైతే ఆ లెక్క సరే. బెజ్జంలో ఇరుక్కున్న కర్ర ఉబ్బడానికి చోటేదీ? ఇనుము జరగదు. ఉబ్బే బలం మాత్రం ఆగదు. దాంతో కర్ర తనను తానే నలుపుకుంటుంది. గొట్టాల మెత్తని గోడలు లోపలికి ముడుచుకుపోతాయి. అడ్డంగా వంద పాళ్లలో ఒకటి రెండు పాళ్లకు మించి నొక్కుకుపోతే అవి పూర్తిగా వెనక్కి రావు. తెల్లారి మనం చూసి మురిసిపోయే బిగువు ఆ నలుగుడు బిగువే. మళ్లీ ఎండినప్పుడు ఆ నలిగిన కొలత నుంచే తగ్గుతుంది కాబట్టి సందు నిన్నటికన్నా పెద్దదవుతుంది. ఇంకోసారి నానేస్తే ఇంకొంచెం నలుగుతుంది. ఊడిన కామను తీసి చూడండి: బెజ్జంలో ఉన్న భాగం పక్కనున్న కర్రకన్నా సన్నబడి, నున్నగా ఉంటుంది.

వానాకాలపు తేమ కూడా ఈ పనే చేస్తుంది, కాకపోతే నెమ్మదిగా. మరేం చేయాలి? బాగా ఎండిన కామను ఎండాకాలంలోనే తొడిగి, కొసన చీలిక పెట్టి, ఎండిన చీల దిగ్గొట్టాలి. వానలు వెళ్లాక ఆ చీలకే ఇంకో రెండు దెబ్బలు వేయాలి. కోసిన కొసకు అవిసె నూనె పట్టిస్తే తేమ రాకపోకలు నెమ్మదిస్తాయి. ఈ బెడదంతా ఎందుకని ఇనుప గొట్టాన్నే కామగా వెల్డింగ్ చేయించుకుంటున్నవాళ్లున్నారు. రాయి తగిలితే ఆ అదురంతా మణికట్టుకే ఎక్కుతుంది. రోజంతా మట్టి తవ్వేవాళ్ల చేతికి అది అన్యాయం.

పార వదులైతే దయచేసి నీళ్లలో వేయకండి. చీల కొట్టండి, చీలకూ ఆగకపోతే కామ మార్చండి. ఊడిన పార ముందు పక్కన పనిచేసేవాళ్ల మీదకే పోతుంది.