బల్బు మార్చి చూడు!

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ‘బల్బు మార్చి చూడు’ అంటున్నారు కొత్త ఇళ్లవారు.

మామూలు హోల్డరుకైతే చిక్కు లేదు. 60 వాట్ల పాత బల్బు స్థానంలో 9 వాట్ల ఎల్‌ఈడీ చాలు. రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు కాలేచోట యూనిట్టున్నర కూడా కాలదు.

తిప్పలన్నీ సీలింగులో బిగించిన గుండ్రటి లైట్లతోనే. ఒకటి పోతే అదే కొలతది దొరకడం కష్టం. చిన్నదైతే కన్నం కనిపిస్తుంది, పెద్దదైతే పట్టదు.

అయితే చాలాసార్లు పాడయ్యేది లైటు కాదు, దాని వెనుకనుండే ‘డ్రైవర్’ అనే చిన్న పెట్టె. దానిపై రాసి ఉన్న వోల్టులు, మిల్లీ ఆంపియర్లు చూసి అదే రకం వేయిస్తే దీపం మళ్లీ వెలుగుతుంది.

గృహప్రవేశం నాడే రెండు లైట్లు అదనంగా కొని అటకమీద దాచుకుంటే అంగళ్ల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.