కారం, పసుపు పట్టించడానికి ఏ యంత్రం మేలు?

మిరపకాయను కాయగానే యార్డుకు తోలితే ఆ రోజు పలికిన ధరే రైతుకు దిక్కు. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. అంటే కిలో 118 రూపాయల లోపే. అదే కాయ పొడిగా మారి బెజవాడ కొట్లో ప్యాకెట్టయితే ధర వేరు. అందుకే నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు వైపు మిరప వేసేవారు, కృష్ణ ఒడ్డున పసుపు వేసేవారు, పొదుపు సంఘాల ఆడవాళ్ళు సొంతంగా పొడులు చేసి అమ్ముకుందామని ఆలోచిస్తుంటారు. మంచి ఆలోచనే. అయితే ముందు యంత్రం కొనేసి తర్వాత లెక్క చూసుకుంటే చేతులు కాలతాయి.

వేడితోనే నష్టం

ఏ మరలోనైనా రాపిడి వల్ల వేడి పుడుతుంది. మిరపలోని కారం వేడికి అంత తేలిగ్గా పోదు. పోయేవి రంగూ, వాసనా. ధనియాలు, మిరియాలు, లవంగాల్లో వాసననిచ్చే నూనెలు ఆవిరైపోతాయి. ఆవపిండికి మరీ చేటు. తడి తగిలినప్పుడు ఆవలో ఘాటు పుట్టించే ఎంజైము వేడికి చెడిపోతుంది. ఆ పిండితో పెట్టిన ఆవకాయ చప్పబడుతుంది. కాబట్టి యంత్రం ఎంత వేగంగా ఆడుతుందన్నది కాదు, పొడి ఎంత చల్లగా దిగుతుందన్నదే ముందు చూడాలి.

ఏ యంత్రం దేనికి?

రోలు, రోకలి: వేడి తక్కువ, వాసన నిలుస్తుంది. ఇంటి అవసరానికి, కొద్దిపాటి ఆవపిండికి సరిపోతుంది. అమ్మకానికి మాత్రం చాకిరీ ఎక్కువ.

మిక్సీ: సాంబారు పొడి, కూరపొడులు, కోడికీ చేపముక్కలకూ పట్టించే మసాలా కారం వంటివి కిలో, అరకిలో చేసుకోవడానికి బాగుంటుంది. జారు సగానికి మించి నింపకూడదు. ఆపి ఆపి తిప్పాలి. పసుపు కొమ్ములు నేరుగా వేస్తే బ్లేడు, జారు రెండూ పాడవుతాయి.

పిండి ఆడే రాతి మర: గోధుమ, బియ్యం వంటి వాటికి ఉద్దేశించినది. మిరపకాయ వేస్తే గింజలోని నూనెకు రాళ్ళు జిడ్డు పడతాయి. తర్వాత పిండి పట్టించుకునేవారికి కారం తగులుతుంది.

దంపుడు యంత్రం: ఇనుప రోకళ్ళు లేచి పడుతూ దంచుతాయి. రోటి కారానికి దగ్గరగా ఉంటుంది. నిదానం, చప్పుడు ఎక్కువ. జల్లెడ విడిగా పట్టుకోవాలి.

పల్వరైజర్: లోపల సుత్తులు గిర్రున తిరిగి సరుకును చితకగొడతాయి. అడుగున ఉన్న జల్లెడ రేకు గుండా పొడి దిగుతుంది. రేకు మారిస్తే బరక, మెత్తన మన చేతిలో ఉంటాయి. అమ్మకానికి చేసేవారికి ఇదే అనువైనది. పసుపు కొమ్ముల్ని ముందు ముక్కలుగా దంచి ఇందులో వేయాలి.

ఎండు సరిగా ఉండాలి

పచ్చిదనం ఉన్న కాయ రేకుకు అతుక్కుంటుంది, మోటారు మూలుగుతుంది, పొడి బూజు పడుతుంది. మిరపలో తేమ 11 శాతం, పసుపులో 10 శాతం మించకూడదు. కాయను టార్పాలిన్ మీద ఎండబెట్టి, తాలుకాయ ఏరి, తొడిమ తీయాలి. బూజు కాయ ఒక్కటి కూడా కలవరాదు. అందులోని అఫ్లటాక్సిన్ విషం పొడి చేసినా పోదు. పొద్దున్నే చల్లపూట పట్టించండి. ముందు పెద్ద రంధ్రాల రేకుతో బరకగా ఆడి, పరచి, చల్లారాక సన్న రేకుతో రెండోసారి ఆడితే వేడి తగ్గుతుంది. వేడి పొడిని వెంటనే సంచుల్లో కట్టకండి, లోపల చెమట పడుతుంది.

కొనే చోట ఏం చూడాలి?

సొంత కాయ 5 కిలోలు పట్టుకుపోయి మీ కళ్ళ ముందే ఆడించమనండి. పొడి చేత్తో పట్టుకుని వేడి చూడండి. దిగిన పొడి తూకం వేయండి. ఎంత దుమ్ముగా పోయిందో తెలుస్తుంది. సరుకు తగిలే భాగాలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. మామూలు ఇనుము తుప్పు పడుతుంది. తొట్టి మూతి దగ్గర అయస్కాంతం, బెల్టుకు రక్షణ రేకు, పొడి పట్టుకునే గుడ్డసంచి ఉన్నాయా లేదా చూడండి. విడి రేకులు, సుత్తులు దగ్గర్లో దొరక్కపోతే సీజనులో మర మూలపడుతుంది. సింగిల్ ఫేజ్ కనెక్షనుంటే దానికి తగిన మోటారే తీసుకోండి. ఎర్తింగు తప్పనిసరి. బోరు మోటారుకిచ్చిన వ్యవసాయ కనెక్షనుకు మర తగిలించకూడదు. ఆడించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పమిట కొంగు, జుట్టు బెల్టుకు దూరంగా ఉండాలి.

కొనాలా, కూలికి పట్టించుకోవాలా?

ఉదాహరణకు యంత్రం 30,000 రూపాయలనుకుందాం. బయటి మరలో కిలోకు 25 రూపాయలు తీసుకుంటున్నారు. సొంత మరలో కరెంటు, మనిషి, మరమ్మతు కలిపి కిలోకు 10 పడుతుంది. మిగిలేది 15. పెట్టుబడి రావాలంటే 2,000 కిలోలు పట్టాలి. ఏటా 200 కిలోలు పట్టే కుటుంబానికి పదేళ్ళు! అదే పది కుటుంబాలు కలిసి కొంటే ఏడాదిలో తీరుతుంది. మీ ఊరి ధరలు వేసుకుని ఇదే లెక్క కట్టండి. అంత సరుకు లేకపోతే మొదటి ఏడు కూలికే పట్టించి, పొడి అమ్ముడవుతుందో లేదో చూసుకోవడం తెలివైన పని.

2020లో కేంద్రం చిన్న ఆహార పరిశ్రమలకు తెచ్చిన పథకంలో బ్యాంకు రుణంతో ముడిపెట్టి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ పెట్టారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అన్నది ఆంధ్రప్రదేశ్ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీలో కనుక్కోండి. రాయితీ వస్తుందన్న ఆశతో ముందే అప్పు చేయకండి.

అమ్మేవారికి ఒక మాట

పొడి అమ్మాలంటే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషను ఉండాలి. ప్యాకెట్టు మీద తయారీ తేదీ, తూకం వేయాలి. కారంలో వంటనూనె 2 శాతం వరకు కలపవచ్చు గానీ ఆ మాట ప్యాకెట్టు మీద రాయాలి. రంగు మాత్రం చిటికెడు కూడా వద్దు. 2003లో ఫ్రాన్సులో మన దేశపు మిరప సరుకులో సుడాన్ రంగు బయటపడ్డాక ఎగుమతి కారానికి స్పైసెస్ బోర్డు పరీక్ష తప్పనిసరి చేసింది. కొందరు చేసిన కల్తీకి అందరి సరుకునూ అనుమానంగా చూశారు. రైతు ఇంటి కారానికి గిరాకీ నమ్మకం వల్లే వస్తుంది. అది పోతే ఎంత మంచి మర ఉన్నా కొనేవాడుండడు.