‘తులసిదళం’ నవలలో సందేహము

మేము నందిగామలో చదువుకొను దినములలో అచ్చటి అద్దెపుస్తకముల దుకాణమున ‘తులసిదళం’ ప్రతి యొకటి యుండెడిది. జగ్గయ్యపేట నుండి వచ్చు విద్యార్థులు దానిని తీసికొనిపోయి బస్సులోనే సగము ముగించెడివారు. కృష్ణాజిల్లా మెట్టసీమగ నుండి 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన యీ ప్రాంతమున ఆ నవలను చదువని యక్షరాస్యులు ఆనాడు అరుదు. తుదకు ఆ పాపను బ్రదికించిన దెవరని యడిగినచో కొందఱు వైద్యమనిరి, కొందఱు మంత్రమునకు మంత్రమే విరుగుడనిరి. ఒకే గ్రంథమును చదివినవా రిట్లు రెండుగా చీలుటకు హేతువు నవలాశిల్పముననే కలదని మా యభిప్రాయము.

యండమూరి వీరేంద్రనాథ్ రచించిన యీ నవల 1980 ప్రాంతమున ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ధారావాహికముగ వెలువడినది. తులసి యను బాలికకు పదియేండ్లు నిండగనే గొప్ప ధనము సంక్రమింపవలసి యున్నది. ఆ ధనమునకై ఆమెపై క్షుద్రప్రయోగము జరుగును. పాప పడు బాధకు మంత్రవాది చెప్పు కారణ మొకటి, వైద్యుడు చెప్పు కారణ మొకటి. రచయిత దేనిని కొట్టివేయడు.

త్రాటిని చూచి పామనుకొనుట భ్రాంతి. త్రాడో పామో తేలక నిలుచుట సందేహము. ఆలంకారికులు సాదృశ్యమూలములుగ చెప్పిన యీ రెండింటిని కథాశిల్పమునకు అన్వయించుట కొంత సాహసమే. అయినను అన్వయము కుదురుచున్నది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ (1947)లో సీతారామారావు వంశప్రతిష్ఠ యను త్రాటిని పట్టుకొని నశించును. అది త్రాడని పాఠకునకు తెలియును. కనుక పాఠకునకు కలుగునది జాలి. ‘తులసిదళం’లో పాఠకుడును చీకటిలోనే యుండును, కనుక కలుగునది భయము. ఆంగ్లమున హెన్రీ జేమ్స్ 1898లోనే ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ యను కథలో ఈ మార్గమును త్రొక్కెను. వారపత్రిక మనవారికి ఒక సౌకర్యము నిచ్చినది: ప్రకరణాంతమున పుట్టిన సందేహము ఏడుదినములు ఇంటింట చర్చకు వచ్చెడిది. పదియవ పుట్టినదినమను గడువు వెనుకనుండి తఱుముచుండగా ఆ నిరీక్షణ మఱింత దుర్భరమయ్యెడిది.

ఇది మూఢవిశ్వాసమును పోషించు రచన యని రంగనాయకమ్మ గారు తీవ్రముగ విమర్శించిరి. ఆ విమర్శను త్రోసిపుచ్చజాలము. రెండు కారణములకు సమానస్థాన మిచ్చినట్లు కనబడినను, ప్రయోగఘట్టములు కన్నులకు కట్టును. వైద్యభాగములు ఉపన్యాసములై చప్పబడును. త్రాసు ఒకవైపు మొగ్గినదనక తప్పదు.

అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. నవలలో సందేహమంతయు ప్రయోగమునకు శక్తి యున్నదా లేదా యనుదానిపైననే. ప్రయోగము చేయించిన దెవరను విషయమున పాఠకునకు సందేహము మిగులదు. కనుక నిరపరాధి నెవరిని శంకింపనక్కఱలేదు. పల్లెలలో ఇది తలక్రిందగును. చేతబడి శక్తి నచ్చట శంకింపరు. చేసిన దెవరని మాత్రమే వెదకుదురు. ఆ వెదకులాట తఱచుగ దిక్కులేని వితంతువు గుమ్మమునో, మాటపడని పొరుగువాని వాకిటినో చేరి ఆగును.

మే మా నవలను చదివిన యేటనే మున్నేటి యొడ్డున నొక పల్లెలో పసిబిడ్డ జబ్బుపడగా ఒక ముసలామెను ఊరివారు చెట్టునకు కట్టిరి. బిడ్డకు పచ్చకామెర్లని ఆసుపత్రిలో తేలినది. నెల తిరుగకుండ కోలుకొన్నది. ముసలామె మాత్రము కూతురి యూరికి వెడలిపోయినది. ఆ పల్లెలో నవలను చదివినవారు మాకు తెలిసి ఇద్దఱో ముగ్గురో. వారిలో నొకడు ఆ చెట్టు కడ నిలిచి చూచినవాడే.